వెంటనే తీర్చకూడని బాకీ

మేనకోడలికి,

ట్రోబ్రియాండ్ దీవుల్లో కూలా అనే కానుకల మార్పిడి గురించి చదువుతుంటే విసుగొచ్చిందని రాశావు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వెళ్లడం, చాలావరకు చేతికి కూడా పట్టని గవ్వల కడియాలు తెచ్చుకోవడం, రెండేళ్లు తిరక్కుండానే వాటిని ఇంకొకరికి ఇచ్చేయడం, ఇదంతా ఏం లాభమని నీ ప్రశ్న. అనుమానం సబబే. అయితే నీ చూపంతా వస్తువు మీదే ఉంది. ఇచ్చిన రోజుకీ బదులు వచ్చిన రోజుకీ మధ్య గడిచే కాలాన్ని చూడు. బంధం బతికేది ఆ మధ్యకాలంలోనే అని నా వాదన.

పపువా న్యూగినీ తూర్పు కొసన ఉన్న ఆ దీవుల్లో మానవశాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఉన్నాడు. తాను చూసింది 1922లో పుస్తకంగా వేశాడు. ఎర్ర గవ్వబిళ్లల హారాలు ద్వీపం నుంచి ద్వీపానికి సవ్యదిశలో, తెల్ల గవ్వ కడియాలు అపసవ్యదిశలో తిరుగుతుంటాయి. హారం అందుకున్నవాడు కొంతకాలం పోయాక దానికి తగిన కడియం ఇవ్వాలి. తగినదో కాదో తేల్చుకోవాల్సింది ఇచ్చేవాడే, పుచ్చుకునేవాడు బేరమాడకూడదు. ఇచ్చే తీరు మరీ విచిత్రం. ఇచ్చేవాడు అదేదో మిగిలిపోయిన వస్తువైనట్టు తీసిపారేస్తూ మాట్లాడి, కింద పడేస్తాడు. పుచ్చుకునేవాడు దాన్ని పట్టించుకోనట్టు నిలబడితే, పక్కనున్న ఎవడో కుర్రాడు తీసుకుంటాడు. అదే ప్రయాణంలో అదే ఊళ్లో, తమ భాగస్వాములు కాని వాళ్లతో మాత్రం నిత్యావసర సరుకులకు గీచిగీచి బేరమాడతారు. అంటే బేరం తెలియని అమాయకులు కారు. ఎక్కడ బేరమాడాలో, ఎక్కడ ఆడకూడదో తెలిసినవాళ్లు. కూలాలో కక్కుర్తి పడ్డవాణ్ణి, సరుకుల బేరంలా నడిపాడని ఎద్దేవా చేస్తారు.

కూలాకు వెళ్లే పడవ వెనక ఉన్న శ్రమనూ మరిచిపోకు. మాను కొట్టి ఈడ్చుకురావడం, తొలచడం, తెరచాప కుట్టడం ఒక్కడివల్ల అయ్యేవి కావు. పది చేతులు పడాలి. యజమాని వాళ్లకు భోజనాలు పెడతాడు, పనితనం తెలిసినవాడికి వేరే కానుకలిస్తాడు. రేపు వాళ్లు పిలిస్తే తానూ వెళతాడు. మన పల్లెల్లో నాట్ల రోజుల్లో నడిచే బదులు పని ఇలాంటిదే: ఈ రోజు నీ చేలో నేను, రేపు నా చేలో నువ్వు.

ఇక్కడ నీ తోటివాళ్లు ఒక మాట అడ్డం వేస్తారు: ఇది ఆలస్యంగా చెల్లించే అప్పే కదా, దానికి కానుక అని ముద్దుపేరెందుకని. మన పెళ్లి చదివింపులు చూస్తే అది నిజమేననిపిస్తుంది. పందిట్లో ఒకరు నోటుపుస్తకం పట్టుకుని పేరు, ఊరు, 516, 1116 అని రాసుకుంటారు. ఇచ్చినవారింట పెళ్లి వచ్చినప్పుడు ఆ పుస్తకం బయటికి తీసి, ఇంకాస్త కలిపి చదివిస్తారు. లెక్క ఉంది, కాదనను. కానీ ఆ 516 మర్నాడే తీసుకెళ్లి చేతిలో పెడితే ఎలా ఉంటుంది? మీకూ మాకూ చెల్లు అన్నట్టే. అప్పు తొందరగా తీరిస్తే ఇచ్చినవాడు సంతోషిస్తాడు, చదివింపు తొందరగా తీరిస్తే నొచ్చుకుంటాడు. లెక్క ఉండటం ఒక్కటే రెంటినీ ఒకటి చెయ్యదు. మార్సెల్ మోస్ కానుకల గురించి 1925లో రాసిన వ్యాసంలో ఇవ్వాలి, పుచ్చుకోవాలి, తిరిగివ్వాలి అనే మూడు బాధ్యతలను చూపించాడు. ఇష్టపూర్వకంగా కనిపించే దానిలోనే నిర్బంధం ఉందని ఆయన ఎప్పుడో ఒప్పుకున్నాడు.

రెండో అభ్యంతరం దీనికంటే గట్టిది. తీరని బాకీ బంధమైతే, బానిసత్వమూ బంధమే కదా? అవును. నిజాం కాలపు తెలంగాణలో దొరల గడీలకు చేసిన వెట్టి కూడా తరతరాలు తీరని బాకీలాగే నడిచింది. అక్కడ పని ఎప్పుడూ ఒకవైపు నుంచే పోయింది, కాదనే దారి లేదు. వెట్టిచాకిరీని నిషేధిస్తూ 1976లో చట్టం వచ్చింది. చేసిన పనికి రొక్కంగా కూలి తీసుకుని లేచి వెళ్లిపోగలగడం విడుదల; దాన్ని బంధాల నాశనమని వాపోయే రాతలు నాకు నచ్చవు. కాబట్టి నా వాదనకు ఒక షరతు కలుపుతున్నాను: రెండువైపులా తిరిగివ్వగలగాలి, అవసరమైతే వద్దనగలగాలి. 1961 వరకట్న నిషేధ చట్టం పెళ్లి కానుకలన్నిటినీ తప్పు పట్టలేదు, గమనించు. వధూవరులకు అడగకుండా ఇచ్చినవాటికి మినహాయింపు ఇచ్చింది. ఏ వస్తువు, విలువ సుమారుగా ఎంత, ఇచ్చిందెవరు, వరసేమిటి అని జాబితా రాసి పెట్టుకోవాలని 1985లో నియమాలు వచ్చాయి. మంచి కానుకకూ బలవంతపు వసూలుకూ మధ్య గీత ఎంత సన్ననిదో ఆ జాబితా అవసరమే చెబుతోంది.

మాలినోవ్‌స్కీని చదివాక అక్కడితో ఆగకు. ఆనెట్ వైనర్ అనే మానవశాస్త్రవేత్త 1970లలో అవే దీవులకు వెళ్లి, ఎవరైనా చనిపోయినప్పుడు ఆడవాళ్లు అరటాకు కట్టలూ, తాము చేసిన నార పావడాలూ పెద్దయెత్తున పంచడం చూసింది. ఆ కట్టలు చెయ్యడానికి ఎంతో శ్రమ పడతారు. వాటి పంపకంలోనే వంశాల మధ్య లెక్కలు తేలతాయి. మాలినోవ్‌స్కీ ఈ సంపదకు దక్కాల్సిన చోటు ఇవ్వలేదు. 1976లో వచ్చిన ఆమె పుస్తకం సంపాదించి, ఆ పంపకాల అధ్యాయాలు ముందు చదువు. తర్వాత మాలినోవ్‌స్కీ కూలా అధ్యాయాలకు వెళ్లి, పడవలు వెళ్లాక ఊళ్లో మిగిలినవాళ్లు ఏం చేస్తున్నారో వెతుకు.

ఆశీస్సులతో,
మీ మామయ్య