పంచాయతీ కార్యాలయమున ఇంటర్నెట్ ఆగినపుడు

చెరువు క్రింది చివరి మడికి నీరందలేదని రైతు వచ్చి చెప్పినపుడు నీరుకట్టువాడు ఆ మడిలో గునపము వేయడు. మొదట తూము చూచును, తరువాత పెద్ద కాలువ, ఆ తరువాత బోదె. నీరు ఎంతవరకు వచ్చి ఎక్కడ ఆగినదో తెలిసిన పిమ్మటనే పార ఎత్తును. పంచాయతీ కార్యాలయములోని ఇంటర్నెట్ విషయములో మాత్రము మనము ఈ తెలివిని ఇంటివద్దనే విడిచి వచ్చుచున్నాము. పేజీ తెరచుకొనకపోగానే ఒకరు తీగలు లాగుదురు, మరియొకరు రౌటరు వెనుకనున్న సన్నని రంధ్రములో సూది గుచ్చుదురు, ఇంకొకరు ఫైర్‌వాల్‌ను ఆపివేయుదురు. ఇందులో చివరిది అన్నింటికంటె ప్రమాదకరమైనది. ఎందుకో ముందు తెలియగలదు.

గ్రామములకు ఆప్టికల్ ఫైబరు తీగను చేర్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదించినది. అదియే తరువాత భారత్‌నెట్ అను పేరు పొందినది. 2020 ఏప్రిల్ 24న ఇ-గ్రామ్‌స్వరాజ్ ప్రారంభమైనది. నేడు పంచాయతీ ప్రణాళిక, పద్దులు, చెల్లింపులు దాని ద్వారా సాగుచున్నవి. చెల్లింపునకు డిజిటల్ సంతకము కావలెను. అనగా వీధిదీపము కొన్నను, మంచినీటి పైపు వేసినను ఆ బిల్లు కదలుటకు ఈ సన్నని తీగయే ఆధారము. అట్టి యంత్రమునకు కాపలా తీసివేయుట పంచాయతీ బీరువా తాళము తీసియుంచుటతో సమానము. కనుక ఈ విషయమును కంప్యూటరు ఆపరేటరుకు మాత్రమే వదలక, సభ్యులందరును కొంత తెలిసికొనియుండుట అవసరము.

మొదటి పరీక్ష: చేతిలోని ఫోను

ఏ యంత్రమును ముట్టకముందు ఒక ఫోను తీసికొనవలెను. ఏ పేజీ తెరచుకొనుట లేదో అదే పేజీని కార్యాలయపు వై-ఫై మీద ఫోనులో తెరచి చూడవలెను. ఫోనులో వచ్చి కంప్యూటరులో రాకున్నచో లోపము ఆ కంప్యూటరులోనే కలదు. రౌటరును నిందించి లాభము లేదు. ఫోనులోను రాకున్నచో వై-ఫైని ఆపి, ఫోను సొంత డేటా మీద మరల చూడవలెను. అపుడు వచ్చినచో లోపము మన రౌటరులోనో, దానికి వచ్చు తీగలోనో ఉన్నది. డేటా మీదను రాకున్నచో, ఇతర పేజీలు వచ్చుచుండగా ఇదొక్కటే రాకున్నచో, ఆ పేజీని నడుపు సర్వరే నిలిచియున్నదని ఊహింపవచ్చును. నెలాఖరున, గడువు దినములలో ఇట్లు జరుగుట కద్దు. అట్టి దినమున మన రౌటరును పదిసార్లు ఆర్పి వెలిగించినను ప్రయోజనము శూన్యము. ఈ పరీక్షకు రెండు నిమిషములు చాలును. దీనిని చేయనందున పూటలకు పూటలు వ్యర్థమైన కార్యాలయములు ఉన్నవి.

దీపముల భాష

ఫైబరు తీగ వచ్చి చేరు పెట్టెను ఓ.ఎన్.టి. అందురు. పలుచోట్ల రౌటరు కూడ ఆ పెట్టెలోనే ఇమిడియుండును. దాని ముఖముమీది దీపములలో రెండు ముఖ్యములు. పి.ఓ.ఎన్. అను దీపము నిలకడగా వెలుగుచున్నచో ఆవలి కేంద్రముతో సంబంధము కుదిరినదని అర్థము. ఎల్.ఓ.ఎస్. అను దీపము ఎఱ్ఱగా వెలిగినను, మినుకు మినుకుమన్నను, తీగలోనుండి వెలుతురు వచ్చుట లేదని అర్థము. అప్పుడు కంప్యూటరులో గాని ఫైర్‌వాల్‌లో గాని చేయదగిన పని ఏదియు లేదు. గది లోపల తీగ నలిగినదా, బల్ల కాలు క్రింద పడినదా, ఎలుక కొరికినదా అని చూచి, లేనిచో సేవ నిచ్చు సంస్థకు తెలుపవలెను. ఫైబరు రాగితీగ వంటిది కాదు. దానిని మేకుకు చుట్టి మడచినచో తెగకపోయినను వెలుతురు కారిపోవును. ఊడిన కొనను కంటికి ఎదురుగా పెట్టుకొని చూడరాదు. అందులోని వెలుతురు కంటికి కనబడదు గాని కంటికి హాని చేయగలదు.

మరియొక సామాన్యమైన విషయము. కరెంటు పోయినపుడు కంప్యూటరు యు.పి.ఎస్. మీద నడచుచుండును, రౌటరు మాత్రము ఆరిపోవును. "కంప్యూటరు వెలుగుచునే యున్నది గదా, ఇంటర్నెట్ ఎందుకు పోయినది?" అని ఆశ్చర్యపడుట నేను పలుచోట్ల విన్నాను. రౌటరును గూడ ఆ యు.పి.ఎస్.కే తగిలించినచో, లేక రౌటర్లకై అమ్ము చిన్న బ్యాటరీని కొన్నచో ఈ చిక్కు తీరును. కరెంటు వచ్చిన వెంటనే తొందరపడరాదు. పెట్టె లేచి ఆవలి కేంద్రముతో మాట కలుపుటకు కొన్ని నిమిషములు పట్టును.

రౌటరును తిరిగి ప్రారంభించుట వేరు, రీసెట్ చేయుట వేరు. మొదటిది నిద్రలేపుట వంటిది. స్విచ్చి ఆపి, అర నిమిషము ఆగి, ముందు ఓ.ఎన్.టి.ని, దాని దీపములు నిలకడకు వచ్చిన పిమ్మట రౌటరును వెలిగించిన చాలును. రెండవది సన్నని రంధ్రములో సూది గుచ్చుట. దానితో రౌటరులో వ్రాసియున్న సమస్తమును చెరిగిపోవును. సేవాసంస్థ ఇచ్చిన పేరు, రహస్యపదము, వై-ఫై పేరు అన్నియు పోయి, యంత్రము అంగడినుండి వచ్చిన నాటి స్థితికి చేరును. ఆ వివరములు కాగితముమీద లేనిచో సంస్థ మనిషి వచ్చువరకు కార్యాలయము నిలిచినట్లే.

చిరునామాల చిక్కు

దీపములు సరిగా ఉండి, కొన్ని యంత్రములకు మాత్రము సంబంధము లేనపుడు చిరునామా చూడవలెను. రౌటరు తన క్రిందనున్న ప్రతి యంత్రమునకును ఒక సంఖ్యను ఇచ్చును. కంప్యూటరులో కమాండ్ ప్రాంప్ట్ అను నల్లని తెరను తెరచి, ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లీషు అక్షరములతో టైపు చేసినచో ఆ సంఖ్య కనబడును. సాధారణముగా అది 192.168 తో మొదలగును. 169.254 తో మొదలైనచో రౌటరునుండి సంఖ్య అందలేదనియు, యంత్రము తనకు తానే ఒకటి పెట్టుకొన్నదనియు గ్రహింపవలెను. అప్పుడు తీగ, దాని మూతి, వై-ఫై రహస్యపదము చూడవలెను. సంఖ్య సరిగానే ఉండి పేజీలు రాకున్నచో అదే తెరపై పింగ్ అను ఆదేశముతో 8.8.8.8 ను పలుకరించి చూడవచ్చును. అక్కడినుండి బదులు వచ్చి, పేర్లతో పిలిచిన పేజీలు మాత్రము రాకున్నచో, పేరును సంఖ్యగా మార్చు డి.ఎన్.ఎస్. సేవలో లోపమున్నది. అయితే పింగునకు బదులీయకుండ కట్టడి చేసికొన్న యంత్రములును కలవు గనుక బదులు రాకపోవుట ఒక్కటే లోపమునకు రుజువు కాజాలదు.

ఇక్కడ నేను కన్నులార చూచిన సంగతి ఒకటి చెప్పెదను. ఒక ప్రచార కార్యక్రమముపై ఒక గ్రామమునకు వెళ్లితిని. కార్యాలయములో మూడు కంప్యూటర్లు. ఉదయము పనిచేసినది మధ్యాహ్నము చేయదు. ఒకటి లేచిన మరియొకటి పడును. ధ్రువపత్రము కొఱకు వచ్చి అరుగుమీద కూర్చున్న ఒక ముసలమ్మ, "నిన్న కూడా ఇదే మాట చెప్పారు నాయనా, మొన్న కూడా ఇదే మాట" అన్నది. ఆమె ఆటోకు మూడు దినములు డబ్బు పెట్టినది. అంతా ఫైర్‌వాల్ వలననే అని ఎవరో చెప్పగా పది దినముల క్రిందటనే దానిని ఆపివేసిరట. లోపము పోలేదు, ఫైర్‌వాల్ మాత్రము తిరిగి వెలుగలేదు. చెల్లింపులకు సంతకము చేయు డిజిటల్ తాళము ఆ యంత్రమునకే తగిలించియున్నది!

తీగ వెంట నడచి చూడగా ప్రక్క గదిలో బీరువా వెనుక రెండవ రౌటరు బయటపడినది. వై-ఫై ఆ గదికి అందుట లేదని ఒక యువకుడు సదుద్దేశముతోనే తన ఇంటి పాత రౌటరును తెచ్చి, లాన్ మూతిలో తీగ గుచ్చినాడు. ఆ దినమునుండి సంఖ్యలు పంచు యజమానులు ఇద్దరైరి. మొదటి రౌటరు చేతినుండి సంఖ్య పుచ్చుకొన్న యంత్రమునకు ఇంటర్నెట్ ఉన్నది. రెండవదాని చేత పడినదానికి లేదు. ఒకే తూముకు ఇద్దరు నీరుకట్టువారిని పెట్టినట్లయినది. రెండవ రౌటరులో సంఖ్యలు పంచు డి.హెచ్.సి.పి. అను పనిని ఆపి, దాని సొంత సంఖ్యను మొదటిదానితో కలియకుండ మార్చగా పావుగంటలో అన్నియు కుదుటపడినవి. ముసలమ్మకు పత్రము ఆ పూటనే దొరకినది. ఫైర్‌వాల్‌ను తిరిగి వెలిగించిన మీదటనే మేము భోజనమునకు లేచితిమి.

ఫైర్‌వాల్ చేయు పని

ఇండ్ల వరుసలో నిప్పు ఒక ఇంటినుండి మరియొక ఇంటికి ప్రాకకుండ నడుమ కట్టు గోడకు ఇంగ్లీషులో గల పేరే ఇది. వేసవిలో పాకలు అంటుకొనుట చూచినవారికి దాని విలువ వేరుగ చెప్పనక్కరలేదు. రౌటరులో ఒక ఫైర్‌వాల్, కంప్యూటరులో ఒక ఫైర్‌వాల్ ఉండును. లోపలివారు పిలువగా వచ్చిన బదులును అది రానిచ్చును. పిలువకయే తలుపు తట్టువారిని నిలువరించును. విండోస్ కంప్యూటర్లలో 2004నాటి ఎక్స్.పి. రెండవ సర్వీస్ ప్యాక్ నుండి ఇది మొదటినుండియే వెలిగియుండునట్లు ఏర్పాటైనది.

2017 మే నెలలో వన్నాక్రై అను చెడు ప్రోగ్రాము 150కి పైగా దేశములలో కంప్యూటర్లలోని కాగితములకు తాళము వేసి డబ్బు అడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నియు దాని వాత పడినవి. ఎవరును ఏ లేఖను తెరువనక్కరలేకయే అది ఒక యంత్రమునుండి మరియొకదానికి 445వ నంబరు ద్వారము గుండా ప్రాకినది. దానిని అడ్డు సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ మార్చిలోనే విడుదల చేసినది. సవరణ వేసికొననివారు, ఆ ద్వారము తెరచియున్నవారు నష్టపడిరి. యంత్రములోని ఫైర్‌వాల్‌ను ఆపుట అనగా ఇట్టి ద్వారములనెల్ల ఒక్కసారిగా తెరచుట.

నిజముగనే ఫైర్‌వాల్ అడ్డుపడు సందర్భములు లేకపోలేదు. రౌటరు మార్చిన మరునాడు ప్రింటరు కనబడకపోవుట అందులో తరచైనది. కొత్త వై-ఫైని విండోస్ పరాయిచోటుగా, అనగా పబ్లిక్ అని ఎంచి, ఇరుగుపొరుగు యంత్రములను దాచివేయును. సెట్టింగులలో ఆ నెట్‌వర్కును ప్రైవేట్ అని మార్చిన చాలును. ఏదేని ఒక ప్రోగ్రాము మాత్రమే ఆగినచో ఆ ఒక్కదానికి అనుమతి ఇచ్చు వీలు ఫైర్‌వాల్‌లోనే కలదు. ఊరికి ఒక బండి రావలసియున్నచో చెక్‌పోస్టువద్ద ఆ బండి నంబరు చెప్పుదుము గాని చెక్‌పోస్టును కూల్చము గదా. రెండు కంపెనీల రక్షణ ప్రోగ్రాములు ఒకే కంప్యూటరులో ఉన్నను పరస్పరము అడ్డుకొనును. ఒకటి ఉంచి రెండవది తీసివేయవలెను.

ఫైర్‌వాల్ మీదికి నెట్టబడు మరియొక లోపము కంప్యూటరు గడియారము. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయినచో తేదీ ఏండ్ల వెనుకకు పోవును. అపుడు భద్రత గల పేజీలన్నియు యోగ్యతాపత్రము చెల్లదని మొరాయించును. తెర మూలనున్న తేదీని ఒక్కసారి చూచిన ఈ సంగతి తేలును.

నిఘా కెమెరాలు పెట్టిన పంచాయతీలు ఇంకొక జాగ్రత్త తీసికొనవలెను. ఇంటినుండి చూచుకొనుటకని రౌటరులో బయటివారికి ద్వారము తెరపించుదురు. 2016లో మిరాయ్ అను ప్రోగ్రాము, అంగడినుండి వచ్చిన నాటి రహస్యపదములను మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల సంఖ్యలో వశపరచుకొని, ఆ అక్టోబరు 21న అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను నిలిపివేసినది. అడ్మిన్ అను పేరు, అడ్మిన్ అను రహస్యపదము అట్లే ఉన్న కెమెరా ఊరికి కాపలా కాయజాలదు. ఇక ద్వారము తెరచినను కెమెరా కనబడకున్నచో ఆశ్చర్యపడనక్కరలేదు. కొన్ని సంస్థలు పలువురు చందాదారులకు కలిపి ఒకే బయటి చిరునామా ఇచ్చుచున్నవి. అట్టిచోట రౌటరులో ఎంత సవరించినను అది ఫలింపదు. ఆ విషయమును సంస్థనే అడుగవలెను.

చివరగా ఒక రిజిస్టరు. పంచాయతీలో రిజిస్టర్లకు కొదువ లేదని సభ్యులు నవ్వుదురేమో గాని, రౌటరు ప్రక్క రెండణాల నోటుపుస్తకమువంటిది ఒకటి ఉంచుట మంచిది. ఏ తేదీన, ఏ వేళ, ఏ దీపము ఎట్లు వెలిగినది, ఏది మార్చితిరి, మార్చిన తరువాత ఏమైనది అని వ్రాయవలెను. ఒకసారికి ఒక్కటే మార్చవలెను. రెండు కలిపి మార్చినచో ఏది మందో తెలియదు. పని తీరకున్నచో మార్చినదానిని మరల పూర్వస్థితికి తేవలెను. సేవాసంస్థ పేరు, చందాదారు సంఖ్య, ఫిర్యాదు సంఖ్య మొదటి పేజీలో ఉండవలెను. రహస్యపదములను మాత్రము అందులో వ్రాయక, మూసిన కవరులో కార్యదర్శిగారి బీరువాలో ఉంచవలెను. పంచాయతీ ఖాతానుండి డబ్బు అనుమానాస్పదముగా కదలినదని తోచినచో కంప్యూటరునుండి ఇంటర్నెట్ తీగను వెంటనే ఊడదీసి, బ్యాంకునకును 1930 అను జాతీయ సైబరు నేర సహాయ నంబరునకును ఆ గంటలోనే తెలుపవలెను.