గవ్వలు నేర్పే గణితం

ప్రతి వేసవిలోనూ మన ఇళ్ళకు అమ్మమ్మలూ, తాతయ్యలూ వస్తారు. వారి పెట్టెల్లో ఆవకాయ, సున్నుండలతో పాటు ఒక్కొక్కప్పుడు చిన్న గుడ్డసంచీలో నాలుగు గవ్వలు కూడా వస్తాయి. అలా వచ్చిన గవ్వలతో మా ఇంట అమ్మమ్మ, ఏడవ తరగతి చదివే మనుమడు అష్టాచెమ్మా ఆడుతుండగా ఒక తగవు పుట్టింది. "పదహారు సార్లు వేశాను, ఒక్క అష్టా పడలేదు. ఈసారి పడక తప్పదు" అన్నాడు వాడు. "నువ్వు లెక్క పెడుతున్నావని గవ్వలకు తెలుసునట్రా?" అన్నది ఆవిడ. ఆ తగవును తీర్చడానికి కూర్చుంటే సంభావ్యతా శాస్త్రంలోని తొలి పాఠాలన్నీ ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. వాటిని మీ పిల్లలతో కలిసి మీరూ చేసి చూడవచ్చును.

మొదటి పాఠం: విధాలను లెక్కించడం

గవ్వ నేలమీద రెండే విధాలుగా పడుతుంది: వెల్లకిలా, లేదా బోర్లా. నాలుగు గవ్వలకు 2 × 2 × 2 × 2 = 16 విధాలు ఏర్పడతాయి. మా ఇంటి ఆటలో ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే అన్ని గడులు నడవాలి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అనగా నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అనగా ఎనిమిది. పదహారు విధాలనూ కాగితం మీద రాసి చూస్తే అష్టాకు 1, ఒకటికి 4, రెండుకు 6, మూడుకు 4, చెమ్మాకు 1 వస్తాయి. రెండు వైపులకూ సమాన అవకాశం ఉన్నదనుకుంటే అష్టా సంభావ్యత పదహారింట ఒకటి.

1, 4, 6, 4, 1 అన్న ఈ వరుస మన ఛందస్సుకు కొత్త కాదు. నాలుగక్షరాలలో గురువు, లఘువులను ఎన్ని విధాలుగా కూర్చవచ్చునో లెక్కించినా ఇదే వస్తుంది. పింగళుని ఛందస్సూత్రాలకు 10వ శతాబ్దంలో వ్యాఖ్య రచించిన హలాయుధుడు దీనిని మేరుప్రస్తారంగా వివరించాడు. మన పిల్లలు బడిలో పాస్కల్ త్రిభుజమని చదివేది దీనినే. ఆ పాస్కల్ 17వ శతాబ్దపు వాడు.

రెండవ పాఠం: వేసి చూసి, గీసి చూడడం

గవ్వలను 160 సార్లు వేయండి. పడిన ప్రతి పందేనికీ ఒక గీత గీసి, అయిదేసి గీతలను ఒక కట్టగా గుర్తించండి. తరువాత గళ్ళ కాగితం మీద అడ్డుగీత వెంట పందేలను, నిలువుగీత వెంట అవి పడిన సార్లను గుర్తించి, అయిదు కమ్మీలు నిలబెట్టండి. నిలువుగీత సున్నతోనే మొదలుకావాలి. నడుమ నుండి మొదలుపెడితే చిన్న తేడా కూడా కొండంతగా కనిపిస్తుంది. పత్రికలలో గ్రాఫు కనిపించినప్పుడు ముందుగా ఈ ఒక్క సంగతి చూడమని పిల్లలకు చెప్పండి.

లెక్క ప్రకారం కమ్మీల ఎత్తులు 10, 40, 60, 40, 10కు దగ్గరగా ఉండాలి. కాని మీకు అలా రాకపోవచ్చును. దానికి కారణం ఉన్నది.

మూడవ పాఠం: ఊహను పరీక్షించడం

గవ్వ నాణెం వంటిది కాదు. దాని ఒక వైపు గుండ్రన, మరొక వైపు చదును. కనుక సమాన అవకాశమన్నది మన ఊహ మాత్రమే. ఒక గవ్వను వంద సార్లు వేసి చూడండి. అది 60 సార్లు వెల్లకిలా పడిందనీ, నాలుగు గవ్వలూ అటువంటివేననీ అనుకుందాం. అప్పుడు 160 పందేలలో చెమ్మా సుమారు 21 సార్లు, అష్టా సుమారు 4 సార్లు వస్తాయి. ఒక్క గవ్వలోని చిన్న మొగ్గు నాలుగు గవ్వలు కలిసేసరికి అయిదు రెట్ల తేడా అయినది! గణాంక శాస్త్రపు పని ఇదే: ఊహించడం, కొలవడం, కొలత ఒప్పుకోకపోతే ఊహను మార్చుకోవడం.

నాలుగవ పాఠం: తగవు తీర్పు

సమాన గవ్వలతోనే ఆలోచిద్దాం. పదహారు సార్లు వేసినా అష్టా ఒక్కసారీ పడకపోయే అవకాశం నూటికి 36. అది వింతేమీ కాదు. పదిహేడవసారి అష్టా పడే అవకాశం మళ్ళీ పదహారింట ఒకటే. గవ్వలకు జ్ఞాపకం లేదు.

"మరి చాలాసార్లు వేస్తే లెక్క సరిపోతుందని పుస్తకంలో ఉన్నదే?" అని మనుమడు అడిగాడు. మంచి ప్రశ్న. 1713లో ప్రచురితమైన గ్రంథంలో యాకోబ్ బెర్నౌలీ నిరూపించినది ఆ సూత్రాన్నే. కాని అది పాత లోటును పూడ్చడం వల్ల జరగదు. మొదటి 16 పందేలలో ఒక అష్టా లోటు పడింది. తరువాతి 1584 పందేలలో సరిగ్గా లెక్క ప్రకారం 99 పడ్డాయనుకుందాం. మొత్తం 1600కు 99. రావలసినది 100. లోటు అలాగే ఉన్నది, కాని అంత పెద్ద రాశిలో అది పలచబడిపోయింది.

ఈ తేడా తెలియకనే ఎందరో "ఇన్నాళ్ళూ పోయింది కనుక ఇక రావాలి" అనుకుంటూ లాటరీ చీట్లకూ, జూదశాలలకూ కష్టార్జితాన్ని ధారపోస్తున్నారు. పన్నెండేళ్ళ వయసులో గవ్వలతో నేర్చిన పాఠం ఇరవై అయిదేళ్ళ వయసులో జీతాన్ని కాపాడగలదు.

ఈ శాస్త్రానికి ప్రపంచమంతటా గౌరవింపబడిన తెలుగువాడు ఒకరున్నారు. 1920లో జన్మించిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరి, తరువాత అమెరికాలో బోధించారు. 2023లో అంతర్జాతీయ గణాంక శాస్త్ర పురస్కారం అందుకున్నారు. అదే ఏడు పరమపదించారు.

మా మనుమడు గ్రాఫు పూర్తిచేసి అమ్మమ్మకు చూపాడు. చెమ్మా కమ్మీ అష్టా కమ్మీకన్న చాలా ఎత్తుగా ఉన్నది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూసి, "అందుకేగా నేను ఎప్పుడూ అష్టా కోసం కాచుకుని కూర్చోను" అన్నది. చిన్ననాటి నుండి ఆడిన చేతికి ఆ సంగతి ముందే తెలుసు. ఎందుకో ఇప్పుడు మనుమడికి తెలిసింది.