సంతలో కొనే సరుకే కొండకు కాపలా

కొండ మీద చెట్టు పడితే కొండ మీదివాళ్లకే నష్టం అనుకుంటాం. అది నిజం కాదు. వంశధార, నాగావళి, సువర్ణముఖి, వేగావతి... మన శ్రీకాకుళం, విజయనగరం పొలాలను తడిపే నీళ్లు తూర్పు కనుమల కొండల నుంచి దిగేవే. కొండ బోడిదైతే వాన పడ్డ రోజున గెడ్డ పొంగి పొలంలో ఇసుక మేట వేస్తుంది. వాన వెలిసిన కొద్ది రోజులకే ఎండిపోతుంది. చెరువు పూడిపోతుంది. కాలువ నీరు అందని చిన్న రైతుకే ఈ దెబ్బ ముందు తగులుతుంది.

అడవిని కాపాడటం అటవీ శాఖ పని, మనమేం చేస్తాం అంటారా? మనం చేయగలిగింది మన సంత సంచీలోనే ఉంది. ఏటా కాయో, ఆకో, జిగురో ఇచ్చి నాలుగు డబ్బులు తెచ్చే చెట్టును ఎవరూ నరుక్కోరు. ఆ సరుకు కొనేవాడు లేకపోతే అదే చెట్టు వంటచెరకు మోపుగానో, బొగ్గుల బస్తాగానో కిందికి దిగుతుంది. కనుక ఈ కింది విషయాలు గమనించండి.

అడ్డాకు విస్తళ్లు: పెళ్లికీ, అమ్మవారి సంబరానికీ ప్లాస్టిక్ పూత ప్లేట్లు తెచ్చేస్తున్నాం. అడ్డ తీగకు ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది. తిన్న విస్తరి పెంటకుప్పలో వేస్తే ఎరువవుతుంది. ప్లాస్టిక్ పశువు కడుపులోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం కూడాను.

కొండచీపుర్లు: కొనేముందు కట్ట మొదలు చూడండి. కొడవలితో కోసినదైతే దుబ్బు కొండ మీదే ఉండి మళ్లీ ఏడాది చీపురిస్తుంది. వేళ్లతో సహా పీకినదైతే ఆ దుబ్బు పోయినట్టే. అలాంటిది వద్దని అక్కడే చెప్పండి.

తేనె: పట్టులో తేనె ఉన్న భాగమే కోసి, పిల్ల పురుగుల భాగం వదిలేస్తే ఈగలు బతుకుతాయి. మంట పెట్టి పట్టంతా పిండేస్తే చచ్చిపోతాయి. అలా పిండిన తేనె తొందరగా పులుస్తుంది కూడా. కొండ మీద ఈగ తగ్గితే దిగువన మన నువ్వు, పొద్దుతిరుగుడు చేలలో గింజ కట్టడమూ తగ్గుతుంది.

చింతపండు, కుంకుళ్లు, కరక్కాయలు: కుప్ప లెక్కన బేరమాడకండి, తూకం వేయించి కొనండి. మన ధాన్యం తూకంలో పోతే మనకెంత కడుపుమంటో వాళ్లకూ అంతే. ఈ దోపిడీ ఆపడానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. అడవి ఫలసాయం ఏరుకుని అమ్ముకునే హక్కు గిరిజనులకు 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చింది. కనుక వాళ్ల దగ్గర కొనడానికి జంకక్కర్లేదు.

కలప సంగతి వేరు: చవగ్గా వచ్చిందని రాత్రిపూట దిగిన దుంగ కొనకండి. పర్మిట్ లేని అడవి కలప పట్టుబడితే కొన్నవాడూ కేసులో ఇరుక్కుంటాడు. తలుపులకు వేప, వాసాలకు సరుగుడు మన గట్ల మీదే పెంచుకోవచ్చు.

వంట నూనె: మన కొనుగోలు సముద్రం అవతలి అడవిని కూడా తాకుతుంది. పామాయిల్ దిగుమతిలో ప్రపంచంలో మన దేశానిదే మొదటి స్థానం. అందులో ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచి వస్తుంది. అక్కడ ఏడాదంతా వానలు కురిసే దట్టమైన అడవులను లక్షల ఎకరాల్లో నరికి ఆయిల్‌పామ్ తోటలు వేశారు. మన రైతులు పాత సాగు భూముల్లో వేసిన ఆయిల్‌పామ్‌కు ఆ దోషం లేదు. ప్యాకెట్ మీద ఏ నూనె అని రాసి ఉందో పిల్లల చేత చదివించుకోండి. పండిన నువ్వులన్నీ కళ్లంలోనే అమ్మేసి పామోలిన్ కొనుక్కునే బదులు, ఓ నాలుగు కుంచాలు ఉంచుకుని గానుగ ఆడించుకోండి. నువ్వుల నూనె ఖరీదు ఎక్కువే, కాదనం. కానీ ఇంట్లో పంటకు రవాణా ఖర్చు, దళారీ లాభం ఉండవు.

అన్నీ ఒక్కసారే మార్చుకోలేం. వచ్చే సంతకు ఒక్క సరుకుతో మొదలుపెట్టండి. కొండ మీద చెట్టు నిలబడితే కింద మీ మడికి నీరు నిలబడుతుంది.