పేరు కంటే ముందు చెయ్యి

ప్రశ్న: మాది మేళ్లచెరువు. తెలుగు మీడియంలో చదివి సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాలలో చేరాను. అనాటమీ పేర్లు ఎంత బట్టీ పట్టినా నిలవడం లేదు. ఏం చేయాలి?

జవాబు: 206 ఎముకలనూ బట్టీ పడితే ఎవరికీ నిలవవమ్మా. ఉదాహరణకు, బొటనవేలిని బాగా వెనక్కి చాపి చూడండి. మణికట్టు పక్కన చిన్న గుంట పడుతుంది. ఒకప్పుడు ముక్కుపొడి పోసుకుని పీల్చేది అక్కడే, అందుకే పుస్తకంలోనూ అది ‘స్నఫ్ బాక్స్’. దాని అడుగున స్కేఫాయిడ్ ఎముక, మీదుగా రేడియల్ ధమని. అరచెయ్యి ఆనించి పడ్డ మనిషికి అక్కడ నొక్కినప్పుడు నొప్పి పుడితే ఆ ఎముక విరిగిందేమోనని అనుమానించాలి. దానికి రక్తం చాలావరకు వేళ్లవైపు నుంచి వెనక్కి అందుతుంది కాబట్టి ఆలస్యంగా అతుకుతుంది. ఇంత తెలిశాక ఆ పేరు మరిచిపోగలరా? డిసెక్షన్ హాలు ఒక్కరోజూ మానకండి. చూసొచ్చింది రాత్రికి తెలుగులోనే అమ్మకు చెప్పండి, బొమ్మ గీసి మరీ.