ఆకాశం నుంచి నేల ఎత్తు కొలవడం ఎలా?

నెదర్లాండ్స్ భూభాగంలో సుమారు నాలుగో వంతు సముద్రమట్టానికి దిగువన ఉంది. అక్కడి ప్రజలకు కరకట్టలే రక్ష. 1953 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున ఉప్పెన ఆ కట్టలను తెంచి, ఆ దేశంలో 1,836 మందిని బలిగొన్నది. కట్ట మీద ఒక్కచోట జానెడు పల్లం ఉన్నా చాలు, నీరు ఆ దారే పడుతుంది. మరి దేశమంతటా అలాంటి పల్లాలను పసిగట్టేదెలా?

మనుషులు నడిచి కొలవాలంటే ఏళ్లకేళ్లు పడుతుంది. అందుకే విమానంలోంచి లేసర్ కాంతితో కొలుస్తారు. ఈ పద్ధతి పేరు 'లైడార్'.

ఇందులోని సూత్రం తేలికే. పరికరం కిందికి ఒక లేసర్ మెరుపును పంపుతుంది. అది నేలను తాకి తిరిగి వస్తుంది. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుందని మీకు తెలుసు. విమానం 1,000 మీటర్ల ఎత్తున ఉంటే, రానూపోనూ 2 కిలోమీటర్లు. దీనికి పట్టే కాలం సెకనులో లక్షా యాభై వేలవ వంతు! ఈ కాలాన్ని బట్టి దూరం తెలుస్తుంది. విమానం ఉన్న చోటును జి.పి.ఎస్., అది ఒరిగిన తీరును మరో పరికరం చెబుతాయి. వీటితో నేల మీది ఒక బిందువు ఎత్తు లెక్కకడతారు.

అయితే విమానం ఎక్కి ఎగిరితే సరిపోదు. ముందు పథకం వేయాలి.

మొదటి ప్రశ్న: ఎంత ఎత్తున ఎగరాలి? పరికరం సెకనుకు లక్ష మెరుపులు పంపుతూ, అటూ ఇటూ 20 డిగ్రీల చొప్పున చూస్తుందనుకోండి. 1,000 మీటర్ల ఎత్తు నుంచి సుమారు 730 మీటర్ల వెడల్పు పట్టీ దాని కిందికి వస్తుంది. విమానం సెకనుకు 60 మీటర్లు పోతే, సెకనులో చూసే నేల 43,800 చదరపు మీటర్లు. అంటే చదరపు మీటరుకు రెండుకు పైగా బిందువులు. ఎత్తు రెట్టింపు చేస్తే పట్టీ వెడల్పవుతుంది, ఖర్చు తగ్గుతుంది. కాని బిందువులు సగమవుతాయి. సన్నని కట్ట మీది పల్లం వాటి మధ్య దాగిపోవచ్చు.

రెండవది: పట్టీలు ఇంటి పెంకుల్లా ఒకదానిపై ఒకటి కొంత ఎక్కాలి. లేకుంటే గాలికి విమానం పక్కకు జరిగినచోట సందు మిగులుతుంది.

మూడవది: కాలం. చెట్ల ఆకులు కాంతిని అడ్డుకుంటాయి. కనుక నెదర్లాండ్స్‌లో ఆకులు రాలిన చలికాలంలో ఎగురుతారు. పొలాల్లో నీరు నిలిచినా, మంచు కప్పినా పని ఆపవలసిందే.

నాలుగవది: పరీక్ష. కొన్ని చోట్ల ఎత్తును నేల మీదనే జాగ్రత్తగా కొలుస్తారు. వాటిలో కొన్నిటితో లెక్కను సరిచేస్తారు. మిగిలినవాటిని పరీక్షకు దాచి ఉంచుతారు. పాఠంలో చేసి చూపిన లెక్కనే పరీక్షలో ఇస్తే, విద్యార్థికి లెక్క వచ్చిందో లేదో తెలియదు కదా!

ఏ రోజు కొలతలను ఆ రోజే చూడటం కూడా ముఖ్యం. సందు ఉన్నట్లు ఆలస్యంగా తెలిస్తే, ఈలోగా చెట్లు చిగురిస్తాయి. మళ్లీ చలికాలం దాకా ఆగాలి. అంతవరకు ఆ కట్ట సంగతి తెలియనట్లే.

ఇలా 2007–2012 మధ్య నెదర్లాండ్స్ సుమారు 64 వేల కోట్ల బిందువులు సేకరించింది.

మీరూ ఒక పథకం వేయండి: 50 కిలోమీటర్ల వెడల్పు ప్రాంతం, 730 మీటర్ల పట్టీలు, ప్రతి పట్టీ పక్కదానిపై 30 శాతం ఎక్కాలి. విమానం ఎన్నిసార్లు తిరగాలి? (జవాబు: 98)