భూమి కంపిస్తే... మా ఇంటి పాఠం

బదిలీపై సూరత్ వచ్చి, ఐదో అంతస్తులో అద్దెకు దిగాం. పక్కింటి పెద్దావిడ మాటల్లో ఒక తేదీ తరచూ వచ్చేది: 2001 జనవరి 26. గణతంత్ర దినోత్సవం నాడు ఉదయం 8.46కి కచ్‌లో భూమి కంపించింది. తీవ్రత 7.7. భూకంప కేంద్రం సూరత్‌కు మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరం. అయినా ఇక్కడ కూడా బహుళ అంతస్తుల భవనం కూలి ప్రాణాలు పోయాయి.

ఇది గుజరాత్ సంగతిలే అనుకోవడానికి లేదు. 2002 నాటి భూకంప మండలాల పటంలో సూరత్, విజయవాడ రెండూ మూడో మండలంలోనే ఉన్నాయి. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన ప్రకంపనలు హైదరాబాద్ దాకా తెలిశాయి.

ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ సాధన చేశాం. ఊగుతున్నంతసేపూ మెట్ల వైపు పరుగెత్తకూడదు, లిఫ్టు ఎక్కకూడదు. కిటికీకి దూరంగా, గట్టి బల్ల కింద దూరి, తల కాచుకుని, బల్ల కాలు పట్టుకోవాలి. పిల్లలు ఆటలా నేర్చేసుకున్నారు.

అప్పుడు అమ్మ అడిగింది: "మీరంతా బల్ల కింద దూరతారు. మోకాళ్లు వంగని దాన్ని, నా సంగతేంట్రా?"

నా దగ్గర జవాబు లేదు. తరువాత చదివి తెలుసుకున్నాను. లేవలేనివారు మంచం మీదే ఉండి దిండుతో తల, మెడ కప్పుకోవాలి. కానీ అమ్మ మంచం పక్కనే బీరువా, పైన అటక మీద ఇత్తడి బిందెలు! అంటే ప్రమాదాన్ని మేమే ఆమె తల దగ్గర పెట్టాం. ఆ సాయంత్రమే మంచం జరిపాం, బిందెలు కిందికి దించాం, బీరువాను గోడకు బిగించాం.

కుదుపు ఆగాక గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయాలి, చెప్పులు వేసుకుని మెట్ల మీదుగా దిగాలి. అందరం కలుసుకునే చోటు ఎదుటి మైదానం. టార్చి, మంచినీళ్లు, అమ్మ మందులు, పత్రాల నకళ్లు ఉన్న సంచీ తలుపు పక్కనే ఉంటుంది. సాయానికి 112.

భూకంపం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. మీ ఇంట్లో పెద్దవాళ్ల తల మీద ఏముందో మాత్రం ఈ రోజే చూడవచ్చు.