ఇటలీ వెండితెర – సహృదయుల తీర్పు

కావ్యాన్ని పరిపూర్ణంగా ఆస్వాదించగల పాఠకుణ్ణి మన ఆలంకారికులు ‘సహృదయుడు’ అన్నారు. కవి ఎంతటి ప్రతిభావంతుడైనా సహృదయుడు లేనిదే కావ్యం సార్థకం కాదని వారి భావన. ఈ మాట చలనచిత్రానికీ వర్తిస్తుంది. అయితే ఈ కళకు సహృదయుడెవరు? చిత్ర నిర్మాణ రహస్యాలెరిగిన నిపుణుడా? టికెట్టు కొని చూసే సామాన్యుడా? అప్పుడప్పుడే లోకాన్ని తెలుసుకుంటున్న విద్యార్థా? ఇటలీలో ఏటా ప్రదానం చేసే ‘డేవిడ్ ది దొనతెల్లో’ పురస్కారాలను పరిశీలిస్తే ఈ ప్రశ్నకు ఆలోచింపజేసే సమాధానం లభిస్తుంది.

రెండవ ప్రపంచయుద్ధానంతరం ఇటలీ చలనచిత్రం కొత్త ఊపిరి పోసుకుంది. విట్టోరియో డిసికా 1948లో తీసిన ‘బైసికిల్ థీవ్స్’ పేదవాని బతుకును ప్రపంచం ముందు నిలిపింది. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకు, అమెరికాలోని ఆస్కార్ బహుమతుల తరహాలో, ఈ పురస్కారాలు వెలిశాయి. తొలి ప్రదానోత్సవం 1956లో రోమ్ నగరంలో జరిగింది. ఆనాడు ఉత్తమ నటుడిగా డిసికా, ఉత్తమ నటిగా జీనా లొల్లొబ్రిజిద ఎంపికయ్యారు.

దొనతెల్లో 15వ శతాబ్దికి చెందిన మహాశిల్పి. ఆయన కంచుతో పోతపోసిన డేవిడ్ విగ్రహం ఫ్లోరెన్స్ నగరంలోని బర్జెల్లో ప్రదర్శనశాలలో ఉంది. బైబిలు కథలో డేవిడ్ గొర్రెల కాపరి. వడిసెల రాయితో గొలియాతు అనే మహాకాయుణ్ణి నేలకూల్చిన బాలుడు. ఆ విగ్రహానికి చిన్న ప్రతిరూపమే విజేతలకిచ్చే బహుమతి.

ఈ పురస్కారాలలో ప్రధానమైన వాటిని ఇటలీ చలనచిత్ర అకాడమీ సభ్యులు ఓట్ల ద్వారా నిర్ణయిస్తారు. ‘ప్రేక్షక డేవిడ్’ మాత్రం అత్యధికులు చూసిన ఇటలీ చిత్రానికి దక్కుతుంది. మూడవది ‘యువ డేవిడ్’. దీనికి న్యాయనిర్ణేతలు ఉన్నత మాధ్యమిక విద్యార్థులు. అంటే ఇంచుమించు మీ వయసువారే.

2024లో నిపుణులు ఉత్తమ చిత్రంగా మత్తేయో గర్రోనే తీసిన ‘ఇయో కాపితానో’ను ఎన్నుకున్నారు. సెనెగల్ దేశపు ఇద్దరు కుర్రవాళ్లు ఎడారిని, సముద్రాన్ని దాటి ఐరోపా చేరబోయిన కథ అది. విద్యార్థులు మాత్రం పావొలా కొర్తెల్లెసి తొలిసారి దర్శకత్వం వహించిన నలుపు తెలుపుల చిత్రం ‘రేపు ఇంకా ఉంది’కి పట్టం కట్టారు. ప్రేక్షక డేవిడ్ కూడా దానికే లభించింది. 1946 నాటి రోమ్‌లో, భర్త చేతి దెబ్బలను మౌనంగా భరిస్తున్న దెలియా అనే ఇల్లాలి కథ ఇది. ఆమె రహస్యంగా దాచుకున్న కాగితం ప్రేమలేఖేమో అనుకుంటాం. అది ఓటరు పత్రమని చివరకు తెలుస్తుంది. ఇటలీ స్త్రీలు తొలిసారి జాతీయస్థాయిలో ఓటు వేసింది ఆ ఏడాది జూన్ నెలలోనే. ఓటుహక్కు వయసుకు చేరువవుతున్న విద్యార్థులు ఈ చిత్రాన్ని మెచ్చుకోవడం గమనింపదగిన విషయం.

నిపుణుల తీర్పుకూ పరిమితులుంటాయి. 1956 నుంచి ఎన్నో చిత్రాలను తూచిన ఈ త్రాసు, ఉత్తమ దర్శకత్వ బహుమతిని ఒక స్త్రీకి అందించడానికి 2025 దాకా పట్టింది. ఆ గౌరవం ‘వెర్మీల్యో’ చిత్రానికి మావురా దెల్పెరోకు దక్కింది. ఆ ఏడాది ఉత్తమ చిత్రం కూడా అదే.

కనుక సహృదయత ఏ ఒక్కరి సొత్తూ కాదు. నిపుణుని శాస్త్రజ్ఞానం, సామాన్యుని అనుభవం, యువకుల నిష్కల్మష దృష్టి ఒకదాని కొరతను మరొకటి తీరుస్తాయి. తీర్పు చెప్పే అధికారం ఇచ్చినప్పుడే తీర్పు చెప్పే వివేకమూ అలవడుతుంది. ఇటలీ తన విద్యార్థులకు ఆ అవకాశం ఇచ్చింది.

అర్థాలు
సార్థకం = ప్రయోజనం కలిగినది; మహాకాయుడు = పెద్ద శరీరం కలవాడు; నిష్కల్మషం = మాలిన్యం లేనిది

ప్రశ్నలు
1. ‘యువ డేవిడ్’ ప్రత్యేకత ఏమిటి?
2. ‘సహృదయత ఏ ఒక్కరి సొత్తూ కాదు’ – పాఠం ఆధారంగా చర్చించండి.